దొంగ మెట్టు

జనవరి 8

తమ్ముడూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. ఇక్కడ కుశలం లేదు. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో, నవ్వుకో. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ బావ ఎడమ చేతిలోనే ఉంటుంది. పక్షవాతం ఆయన కుడివైపునీ మాటనీ కలిపి పట్టుకుపోయాక మిగిలిన నోరు అదే. బొటనవేలితో నొక్కితే అంబులెన్సులా మోగుతుంది. దాహమైనా అదే మోత, దోమ కుట్టినా అదే మోత. అది వినపడితే చాలు, నా గుండె ఝల్లుమంటుంది. ఉన్నదేమో ఒక గది, ఒక వంటిల్లు. నేను ఎవరితో ఏం మాట్లాడినా ఆయన వింటారు. మెసేజీలన్నీ చదువుతారు, అక్షరాలు కూర్చి రాయడం మాత్రం ఆయనకి రావడం లేదు. చెవులూ బుర్రా మునుపటికంటే పదునెక్కాయి.

అసలు సంగతికి వస్తాను. కాగితం మిల్లులో కొత్త యంత్రాలు దిగాయి. ప్రతి యంత్రం పక్కనా ఒక పని కార్డు వేలాడుతుంది కదా, ఏ వాల్వు ముందు తిప్పాలి, ఏది తర్వాత మూయాలి అని మెట్టు మెట్టుగా రాసి. ఇరవై రెండేళ్లుగా అవి రాస్తున్నది మీ బావే. ఇప్పుడు ముప్పై రెండు కార్డులు కావాలిట. మేనేజరు చూడ్డానికి వచ్చి, వెళ్తూ గుమ్మం బయట నాతో అన్నారు: "ఫిబ్రవరి నెలాఖరులోగా కార్డులు చేతికొస్తే పోస్టు ఉంటుందమ్మా. లేకపోతే నేను చేయగలిగింది లేదు." పోస్టు పోతే ఈ క్వార్టరు పోతుంది, మిల్లు ఆసుపత్రిలో కసరత్తు చేయించే వీలూ పోతుంది. ఇంకో ఏడాది విడవకుండా చేయిస్తే మాట వచ్చినా రావచ్చని డాక్టరు అంటున్నాడు. ఆ ఏడాది ఎక్కడుండి చేయించను?

నోరు జారాను. "ఆయన సైగలతో చెప్తారు, నేను రాస్తాను" అనేశాను. మర్నాడే ఆఫీసు ల్యాప్‌టాప్ పంపించారు. అందులో ఏఐ ఉందట, అడిగింది రాసిపెడుతుందట. నువ్వు లైబ్రరీలో కూర్చుని వచ్చిన ప్రతివాడికీ దాంతో పని చేయించుకోవడం నేర్పుతావు కదా. మీ అక్కకి కూడా నేర్పు. మీ బావకి మాత్రం తెలియకూడదు. తన కార్డులో ఇంకొకరు ఒక్క కామా మార్చినా రెండు రోజులు అన్నం మానేసే మనిషి. ల్యాప్‌టాప్ ఏమిటని కనుబొమ్మ ఎగరేస్తే, మందుల వేళలు రాసుకోవడానికి అని చెప్పాను.

జవాబు మేడమీద కుట్టుపని చేసే ఆవిడ పేర రాయి. ఆలస్యం చెయ్యకు, నీకు పుణ్యముంటుంది.

అక్క

జనవరి 14

అక్కా,

నీ ఉత్తరం కౌంటరు దగ్గరే చదివి, ఆ కంగారులో వంటల పుస్తకం అడిగినావిడకి చట్టాల పుస్తకం ఇచ్చాను. ఆవిడ సంతకం పెట్టి తీసుకుపోయింది కూడా.

ముందు భయం వదులు. ల్యాప్‌టాప్ తెరిచి ఏఐ నొక్కితే కింద ఒక ఖాళీ గడి వస్తుంది. అందులో మామూలు తెలుగులో, మనిషితో చెప్పినట్టు రాయి. అది బాగా చదువుకుని, నిన్ననే పనిలో చేరిన మనిషి అనుకో. లోకంలో సగం పుస్తకాలు చదివాడు, మీ మిల్లు గడప మాత్రం తొక్కలేదు. నువ్వు చెప్పనిది అతనికి తెలియదు. ఒక్కోసారి తెలియకపోయినా తెలిసినంత ధీమాగా చెప్పేస్తాడు. అదొక్కటే జాగ్రత్త. మొదట చిన్న పనులు చేయించు. మందుల వేళల పట్టిక, ఆసుపత్రికి ఒక అర్జీ, అలాంటివి. చెయ్యి అలవాటయ్యాక కార్డులకి వెళ్లు. యంత్రాలతో వచ్చిన పుస్తకాల పేజీలు ఫొటో తీసి చూపించు. బాగోలేకపోతే బాగోలేదని చెప్పు, మళ్లీ రాస్తుంది. దానికి కోపం రాదు, మన ఇంటివాళ్లలా అలగదు.

రెండో మాట. బావకి చెప్పి చెయ్యి. ఆయన చెవిన పడకుండా ఒక్క కార్డు కూడా గుమ్మం దాటకూడదు. మాట ఇస్తేనే ఇంకా నేర్పుతాను.

తమ్ముడు

జనవరి 22

తమ్ముడూ,

మాట ఇచ్చాను. చెప్పాను. మొదట మొహం తిప్పుకున్నారు, తర్వాత తల ఊపారు. ఇప్పుడు ఒక్కో కార్డూ చదివి వినిపిస్తున్నాను. అయినా ఫోన్ మాత్రం చెయ్యకు. అది మోగితే ఉలిక్కిపడుతున్నారు.

నీ చదువుకున్న మనిషితో నా మొదటి రోజు విను. ఖాళీ గడిలో ఏం రాయాలో తోచక, ఉత్తరంలాగే "నమస్కారమండీ, మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టి, మా కష్టాలన్నీ రాసి, చివర సంతకం పెట్టాను. పని సంగతి మర్చేపోయాను. అది ఎంతో మర్యాదగా ఓదార్చి, ఇంతకీ నేనేం చేసిపెట్టాలి అని అడిగింది. సిగ్గుతో మూత వేసేశాను. మర్నాడు మందుల పట్టిక అడిగితే చక్కగా గళ్లు గీసి ఇచ్చింది. మిగిలిన ఆ ఎడమ చేతికి బలం వచ్చేలా కసరత్తు కూడా వారం వారానికీ విడదీసి ఇచ్చింది. గోడకి అంటించాను. మీ బావ దాన్ని రోజంతా చూస్తున్నారు.

కార్డుల దగ్గరే తల ప్రాణం తోకకి వస్తోంది. మెట్లు రాస్తుంది కానీ మా మిల్లు మాటలా ఉండదు. బిగించు అనమంటే "దృఢపరచవలెను" అంటుంది. ఇక కింద పాట. ప్రతి కార్డు కిందా మీ బావ రెండు పాదాల పాట రాస్తారు కదా, పనివాళ్లు పాడుకుంటూ గుర్తు పెట్టుకునేందుకు. ఇది "భద్రతే మన బలం, జాగ్రత్తే మన ఫలం" అని రాసింది. అలాంటివి మిల్లు గోడల నిండా ఉన్నాయి, ఒక్కడైనా పాడాడా? ఇన్ని రోజుల్లో రెండు కార్డులైనా తెమల్లేదు. మేనేజరు మనిషి రోజూ సైకిలు దిగి గుమ్మంలోంచి తొంగిచూస్తున్నాడు. ఇది నావల్ల కాదేమో అనిపిస్తోంది. వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను. నీళ్ల చప్పుడుకి ఆయనకి వినపడదు.

అక్క

జనవరి 30

అక్కా,

బావ ఒప్పుకున్నారంటే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. ఆయన వింటున్నారు కాబట్టి ఇక కార్డుల్లో తప్పు దొర్లుతుందన్న బెంగ నాకు లేదు.

నువ్వు చేస్తున్న పొరపాటు ఒకటే. బావలా రాయి అంటే దానికి బావ ఎవరో తెలియాలి కదా. ఆయన పాత కార్డులు పదో పన్నెండో ఉన్నవి ఉన్నట్టు దించి చూపించు. ఇదిగో, ఈయన ఇలా రాస్తాడు, నువ్వూ ఇలా రాయి అను. మాట, ఒడుపు, పాట అన్నీ పట్టేస్తుంది. మొన్న ఒక ముసలాయన వాళ్ల అమ్మ పాడే జోలపాట సగమే గుర్తుందని వస్తే, ఉన్న సగం చూపించి మిగతా సగం కొత్తగా కట్టించుకున్నాం. అమ్మ పాడింది ఇది కాదు గానీ పాడితే అమ్మే కూర్చున్నట్టుంది అన్నాడు.

కుళాయి తిప్పుకుని ఏడవకు. నీళ్లు వృథా. నాకు రాసి ఏడువు.

తమ్ముడు

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

నీ నోట్లో చక్కెర పొయ్య! దారి దొరికింది.

అచ్చయిన పాత కార్డులన్నీ మిల్లులోనే ఉన్నాయి. కానీ మంచం కింద ఇనప్పెట్టెలో ఆయన పెన్సిలుతో రాసుకున్న మొదటి ప్రతులు ఉన్నాయి, పన్నెండు. ఆసుపత్రివాళ్లు ఆయన్ని కసరత్తుకి తీసుకెళ్లినప్పుడల్లా కొన్ని చొప్పున పొల్లుపోకుండా దించాను. అంతే, గొంతు మారిపోయింది. "చక్రం రెండు చుట్లు తిప్పు, మూడో చుట్టుకి పోకు" అని అచ్చంగా ఆయన మాట! వారంలో ఇరవై కార్డులయ్యాయి. పాటలు కూడా పాడుకునేలా వస్తున్నాయి.

కానీ నీ మనిషికి నోరు ఎక్కువ. ఆయన ప్రతులు చదివి, "వీటిలో కొన్నిచోట్ల మెట్ల వరస తేడాగా ఉంది, కావాలని రాసినవా, పొరపాటా?" అని అడిగింది. ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో ఆయన కార్డు పట్టుకుని పనిచేసిన ఏ ఒక్కడికీ గోరు కూడా చిట్లలేదు. నిన్నగాక మొన్న వచ్చి ఆయన్ని తప్పు పడుతుందా? "ఆయన రాసిందాంట్లో తప్పుండదు, ఆయన రాసినట్టే రాయి" అని గట్టిగా చెప్పాను. నాలుగు కార్డుల తర్వాత మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. ఇక అడగలేదు.

నిన్న ఫోర్‌మాన్ స్వయంగా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి మీ బావకి చెయ్యి ఊపి, "కార్డులు మునుపటిలాగే ఉన్నాయండీ, మీకేం!" అన్నాడు. మీ బావ నావైపు చూశారు. నేను జావ కలుపుతున్నట్టు తల దించుకున్నాను.

ఒక్క పాట మాత్రం నేనే రాశాను. కర్రముక్కల్ని ఆవిరిలో ఉడికించి గుజ్జు చేసే పెద్ద బాన ఉంది, లోపలి ఆవిరి ఎంతుందో గేజీ ముల్లు చూపిస్తుంది, ఆ బాన మూత తీసే కార్డుకి. ఏఐ ఆరు రాసిచ్చింది, ఒక్కటీ మనసుకి పట్టలేదు. బియ్యం ఏరుతుంటే తట్టింది.

ముల్లు సున్నా చూపినా నీ చెయ్యి తొందరపడకు
ఇల్లు తలుపు తీసి నీకై వేచి ఉన్నది మరవకు

ఎలా ఉంది? ఊరికే పొగడకు.

అక్క

ఫిబ్రవరి 16

అక్కా,

పాట బాగుంది. పొగడటం లేదు, నిన్నటినుంచి నేనే కూనిరాగం తీస్తున్నాను.

ఏఐ ప్రశ్నలు అడిగితే బెదరకు, గదమాయించి చెప్పు, వింటుంది. నువ్వు చేసింది సరైనదే. బావ కార్డుల గురించి దానికేం తెలుసు?

వరస తేడా అంటే గుర్తొచ్చి నవ్వాగలేదు. బావ దొంగ మెట్టు ఇంకా పెడుతున్నారా? నీకు ఎప్పుడూ చెప్పలేదేమో. చదువయ్యాక ఆరు నెలలు మీ దగ్గరుండి మిల్లులో చేశాను కదా, అప్పుడు చూశాను. ఆయన మొదటి ప్రతిలో కావాలనే ఒక మెట్టు తప్పు రాసి ఫోర్‌మాన్‌కి ఇస్తారు. ఫోర్‌మాన్ నిజంగా చదివి ఆ దొంగ మెట్టుని పట్టుకుని కొట్టేస్తేనే కార్డు అచ్చుకి వెళ్తుంది. చదవకుండా సంతకం పెడితే ఆ రోజు ఫోర్‌మాన్ పని అయినట్టే! "చదివానని చెప్పేవాణ్ణి నమ్మను, పట్టుకున్నవాణ్ణే నమ్ముతా" అనేవారు. ఒక్కో కార్డుకి ఒక్కటే దొంగ. అదీ ఆయన లెక్క. ఇప్పుడు మాట లేకపోయినా ఆ చిలిపితనం పోయి ఉండదని పందెం.

నెలాఖరుకి ముందే అన్నీ అందించేస్తావు, చూడు. ఆ తర్వాత పది రోజులు నిద్రపో.

తమ్ముడు

ఫిబ్రవరి 23

తమ్ముడూ,

కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

నీతో అబద్ధం చెప్పాను. మీ బావకి నేనేమీ చెప్పలేదు. ఆయన ఒక్క కార్డూ వినలేదు, తల ఊపలేదు.

నీ ఉత్తరం నిన్న పొద్దున మేడ మెట్ల మీదే చదివాను. దొంగ మెట్టు అన్న చోట ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను. పెట్టెలో ఉన్నవి ఫోర్‌మాన్ చూడకముందు ప్రతులు. పన్నెండింటిలో పన్నెండు దొంగలు. అవన్నీ ఏరికోరి దించి, ఇలాగే రాయి అని చెప్పింది నేను. అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నోరు మూయించాను. నువ్వు బావ వింటున్నారు కదా అనుకున్నావు, ఫోర్‌మాన్ ఇవి బావ రాసినవే కదా అనుకున్నాడు, నేను ఫోర్‌మాన్ చూస్తున్నాడు కదా అనుకున్నాను. చివరికి ఎవరమూ పూర్తిగా చూడలేదు. ముప్పై రెండు కార్డులూ అప్పటికే యంత్రాల పక్కన వేలాడుతున్నాయి.

లోపలికి పరుగెత్తి ఆయన చేతిలో ఫోను లాగాను. ఆయన వదల్లేదు. ఒక్కో వేలూ విప్పి తీసుకున్నాను. అలా చేస్తానని ఎన్నడూ అనుకోలేదు. ఆయన ఎదుటే ఫోర్‌మాన్‌కి చేశాను.

"కంగారెందుకమ్మా, ప్రతి కార్డులోనూ దొంగని పట్టేశాను. ఈసారి కొన్ని మరీ తేలిగ్గా పెట్టారు" అని నవ్వాడు.

"ఒక్కో దాంట్లో ఎన్ని పట్టారు?"

"ఒక్కటే కదా ఉంటుంది."

"ఆయన రాయలేదండీ. యంత్రంతో నేను రాయించాను. ఎన్ని దొంగలున్నాయో నాకు తెలియదు."

"బాన మూత ఇవాళే మొదటిసారి తీస్తున్నారు, ఈ షిఫ్టులోనే" అన్నాడు. ఫోను కింద పడ్డ చప్పుడు, పరుగెడుతున్న బూట్ల చప్పుడు వినిపించాయి.

మళ్లీ కబురు రావడానికి నలభై నిమిషాలు, తమ్ముడూ. మీ బావ నన్ను చూస్తున్న చూపు చూడలేక మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను. అన్నీ చెప్పేశాను. మేనేజరు మాట, ల్యాప్‌టాప్, ఇనప్పెట్టె, అన్నీ. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఫోను ఆయన చేతిలో పెట్టి బాన కార్డు పైకి చదవడం మొదలుపెట్టాను. వింటున్నారో లేదో తెలియదు. ఒకటో మెట్టు, రెండు, మూడు, నాలుగు. ఐదో మెట్టు "గేజీ ముల్లు సున్నా చూపితే చిన్న కుళాయి తెరవనక్కర్లేదు" అని చదివానో లేదో, గోడవైపు తిరిగే ఉన్న మనిషి చేతిలో ఫోను మోగింది. మోగుతూనే ఉంది.

తర్వాత ఫోర్‌మాన్ చేశాడు. గేజీకి వెళ్లే గొట్టంలో గుజ్జు అడ్డుపడి ముల్లు సున్నా చూపిస్తోందట. లోపల ఆవిరి ఉండనే ఉంది. మిగిలిన ఆవిరిని వదిలే చిన్న కుళాయి తెరిస్తే నిలువెత్తున లేచిందట. తను వెళ్లి ఆపేసరికి మూత తీసే మనిషి రెండు బోల్టులు వదులు చేసి మూడోదాని మీద పానా పెట్టి ఉన్నాడట. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. నేను సంతలో చూశాను ఆ పిల్లల్ని.

ఇంకేం రాయను. రేపు మేనేజరు దగ్గరికి వెళ్లి నా నోటితో నేనే చెప్తాను.

అక్క

ఫిబ్రవరి 28

అక్కా,

గదమాయించమని చెప్పింది నేను. అది అడిగిన ప్రశ్నకి జవాబు నా ఉత్తరంలోనే, కింది పేరాలోనే ఉంది. రెండూ పక్కపక్కనే రాసి కూడా కలిపి చూడలేదు. వచ్చినవాళ్లందరికీ "అది అడిగితే వినండి" అని చెప్పేవాణ్ణి, సొంత అక్క దగ్గరికి వచ్చేసరికి జోకులేశాను.

నీ ఉత్తరం చదవగానే ఫోన్ చేశాను. బావ ఎత్తారు. ఊపిరి మాత్రం వినిపించింది. "బావా, తప్పు నాది, అక్కని ఏమీ అనకండి" అన్నాను. విని పెట్టేశారు. నీకు చెప్పే వీలు ఆయనకి లేదు కదా, అందుకే రాస్తున్నాను.

ఏం తేలినా మా ఇల్లు ఉంది. పుస్తకాల గది ఖాళీ చేస్తున్నాను.

తమ్ముడు

మార్చి 6

తమ్ముడూ,

పోస్టు పోయింది. మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది. దొంగ మెట్లు పెట్టిన ఆయనదీ తప్పేనమ్మా, దాచిన నీదీ తప్పే అని కాగితం చేతికిచ్చారు. క్వార్టరు రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. దేనికోసం ఇంత ఆరాటపడ్డానో అదే పోయింది. నీ పుస్తకాలు సర్దుతూ ఉండు, వచ్చేస్తాం. అక్కడ కసరత్తు చేయించేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో.

పోతే పోయింది గానీ కార్డులు సరిచేసి వెళ్లాలని పట్టుబట్టాను. ఫోర్‌మాన్ మేనేజరుని ఒప్పించాడు. మీ బావ రెండు రోజులు నావైపు చూడలేదు. చూడకుండానే విన్నారు. నేను ఒక్కో మెట్టూ చదవడం, తప్పున్న చోట ఆయన మోగించడం, అదీ పని. ఏఐకి కూడా ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ ప్రతుల్లో ఒక్కోదాంట్లో ఒక తప్పు కావాలని పెట్టారు, నువ్వు అడిగితే నేనే నోరు మూయించాను, యంత్రాల పుస్తకాలతో పోల్చి అన్నీ వెతుకు అన్నాను. ఫోర్‌మాన్ కొట్టేసినవి పోగా ఇంకా ఎనిమిది చోట్లు చూపించింది. మీ బావ మోత తొమ్మిదిసార్లు మోగింది. ఆ తొమ్మిదోది ఏ పుస్తకంలోనూ లేదు, మన మిల్లు గొట్టాల తీరు తెలిసినవాళ్లకే తెలుస్తుందని ఫోర్‌మాన్ అన్నాడు.

మూత తీసే ఆయన మొన్న ఇంటికి వచ్చాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మామూలుగా అయితే మూత అప్పటికే లేపేసేవాణ్ణమ్మా. కింద పాట చూసి, సరేలే, తొందరెందుకని కాసేపు కూర్చున్నా" అన్నాడు. అతను వెళ్లాక చాలాసేపు కుళాయి తిప్పుకోకుండానే ఏడ్చాను.

ఇవాళ చివరిసారి సరిచూడటానికి బాన కార్డు మళ్లీ చదివాను. మెట్లన్నీ అయ్యాయి, మోత లేదు. పాట చదివాను. మోగింది. తప్పేముందో అర్థం కాలేదు. మెట్లన్నీ మళ్లీ చదివాను, చప్పుడు లేదు. పాట దగ్గరికి రాగానే మోగింది. "ఇది ఏఐది కాదండీ, నాదే. బాగోలేకపోతే తీసేస్తాను" అని కొట్టెయ్యడానికి పెన్సిలు తీశాను. ఆయన ఫోను వదిలేసి ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. ఆ చేతికి అంత బలం వచ్చిందని నాకు తెలియదు. పెన్సిలు కింద పెట్టాను. పాట మళ్లీ చదివాను. కళ్లు మూసుకుని విన్నారు. అయిపోగానే ఫోను వెతుక్కుని మళ్లీ మోగించారు.

పొద్దుటినుంచి ఏడుసార్లు చదివించారు. ఈ ఉత్తరం ఇంకా రాయాలనుంది గానీ, అదిగో, మళ్లీ మోగుతోంది.

అక్క